రేవు ఊరికి పూటలో వెళ్లి రాకూడదు

మా ఆడపడుచు వాళ్లది విశాఖ. ఆ ఏడు సంక్రాంతికి బరంపురంలో మా ఇంటికి వచ్చారు. కనుమ మర్నాడు పొద్దున్నే కాఫీ దగ్గర కూర్చుని, "వదినా, చిలికా ఒక్కటి చూపించేశారంటే సాయంత్రం బండికి వెళ్లిపోతాం" అంది. సరేనని తొమ్మిదింటికి కారులో బయల్దేరాం. చిలికా సరస్సు ఒడ్డున బర్కుల్ చేరేసరికి పదకొండు. మకర సంక్రాంతికి సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి అమ్మవారి దగ్గర జాతర జరుగుతుంది కాబట్టి ఆ నాలుగు రోజులూ పడవల దగ్గర జనమే జనం. గంటంబావు నిలబడితే ఇంజను పడవ దొరికింది. గాలి అప్పటికే లేచింది. కుదుపులకు వాళ్ల పిల్లాడికి వాంతులు. గుడి దగ్గర పది నిమిషాలు, ఫొటోలు, మళ్లీ పడవ. నాలుగింటికి తిరుగు దారి పట్టాం. "చిలికా అయిపోయింది, వచ్చేసారి దారింగ్‌బాడి" అని ఆడపడుచు సంతోషంగానే అంది.

నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. చుట్టాన్ని తీసుకొచ్చి వీధి అరుగు మీదే నిలబెట్టి పంపేసినట్టు ఉంది. తప్పు వాళ్లది కాదు, చూపించిన నాది. ఇరవై ఏళ్లుగా ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో ఉంటున్నాను. విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్లనందరినీ ఇలాగే పూటలో తిప్పి పంపేశాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. నీటి ఒడ్డున ఉన్న చిన్న ఊరికి, అందులోనూ ఒకప్పుడు ఓడల మీద బతికిన తీరానికి, పూటలో వెళ్లి రాకూడదు. రేవు అంటేనే జనం ఆగిన చోటు. గాలి కోసం, పోటు కోసం, సరుకు కోసం, రావలసిన మనిషి కోసం ఆగిన చోటు. అక్కడ ఆగకుండా వచ్చేసిన వాళ్లు నీళ్లను చూసి ఉండవచ్చు, రేవును చూడలేదు.

ఈ మాట నాకు రంభలో తెలిసింది. బర్కుల్ వెళ్లొచ్చిన నెల తర్వాత, ఫిబ్రవరిలో, మా ఆయనా నేనూ మా అమ్మాయీ ముగ్గురం ప్యాసింజరు బండెక్కి రంభలో దిగాం. హౌరా నుంచి మద్రాసు వెళ్లే లైను మీద చిన్న స్టేషను. చాలామంది తెలుగువాళ్లు భువనేశ్వర్ వెళ్తూ కిటికీలోంచి చిలికాను మొదటిసారి చూసేది ఈ చుట్టుపక్కలే. కొండ తప్పుకోగానే ఒక్కసారిగా నీళ్లు కనిపిస్తాయి, ఎదర సీట్లోవాళ్లు లేచి ఇటువైపు వస్తారు, ఫోన్లు బయటికి వస్తాయి, మళ్లీ కొండ అడ్డం వస్తుంది. ఎన్నిసార్లు అలా చూశానో లెక్కలేదు. దిగటం మాత్రం అదే మొదలు.

చిలికా చిన్నది కాదు. వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల దాకా పొంగి, ఎండలు ముదిరేసరికి 906 దగ్గరికి తగ్గుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం, మూడు జిల్లాల ఒడ్డు దానికి ఉంది. పైన ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవి తెచ్చి పోసే మంచినీళ్లు. తూర్పున ఇసుక తిన్నె తెగిన మొగలోంచి లోపలికి వచ్చే ఉప్పునీళ్లు. అందుకే ఒక మూలకీ ఇంకో మూలకీ పోలిక ఉండదు. రంభ దక్షిణపు కొస. ఇక్కడ తూర్పు కనుమల కొండలు దాదాపు నీళ్లలోకే దిగుతాయి. రాతి దిబ్బలు నీళ్లలోంచి తలెత్తి ఉంటాయి. నదుల బురద ఇంత దూరం రాదు కాబట్టి ఒడ్డున నిలబడితే అడుగున గడ్డి ఊగటం కనిపిస్తుంది. పులికాట్ చూసినవాళ్లకు ఈ కొండలు కొత్త, కొల్లేరు చూసినవాళ్లకు ఈ ఉప్పు కొత్త.

సామాను గదిలో పెట్టి, పదకొండింటికి ఒడ్డుకు వెళ్లి, ఒక పడవ ఆయన్ని అడిగాం. మా అమ్మాయి అప్పటికే లైఫ్ జాకెట్ వేసేసుకుంది. ఆయన లేవలేదు. వల బాగుచేసుకుంటూ, ఒడియా యాస కలిసిన తెలుగులో, "ఇప్పుడు కాదమ్మా. గాలి లేచింది. సాయంత్రం పడిపోతే చెప్తాను, లేకపోతే రేపు తెల్లారి" అన్నాడు. "ఎంత అయినా ఇస్తాం, కొంచెం దూరం తిప్పండి" అన్నారు మా ఆయన. "డబ్బు కాదు బాబూ" అని మళ్లీ వల మీదికి వంగాడు.

మాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలి. రెండు రోజుల సెలవు పెట్టుకుని వస్తే ఈయన లేవడేమిటని. గదికి తిరిగి వచ్చి అన్నం తిన్నాం. వరండాలో కూర్చున్నాం. ఒంటిగంట దాటాక నీళ్ల రంగు మారింది, దక్షిణం నుంచి తెల్లటి నురగ గీతలు వరసగా రావటం మొదలైంది. ఒడ్డున కట్టేసిన పడవలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. చిలికా పెద్ద లోతు లేదు, చాలా చోట్ల మనిషి లోతే, కానీ లోతులేని నీటికి గాలి తగిలితే అల పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తుంది. పెద్ద ఓడకు అది లెక్కలోది కాదు. చిన్న పడవను మాత్రం మాటిమాటికీ కొడుతుంది. ఆ కుదుపే బర్కుల్లో ఆ పిల్లాడికి వాంతులు తెప్పించింది. మనం కారు టైముకు వెళ్లాం, సరస్సు టైముకు వెళ్లలేదు.

కాళీజాయి అమ్మవారి కథ కూడా గాలి కథే. పెళ్లయి అత్తారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే పిల్ల గాలివానలో మునిగిపోయి, ఆ దీవిలో అమ్మవారిగా వెలిసిందంటారు. ఈ నీళ్ల మీద బతికేవాళ్లు ఆమెకు మొక్కకుండా దాటరు. బర్కుల్లో క్యూలో నిలబడ్డ రోజున ఆ కథ నేనే మా ఆడపడుచుకు చెప్పాను. చెబుతూనే గాలి లేచాక పడవెక్కాను.

ఆ సాయంత్రం గాలి పడలేదు. ఏం చేశాం అని మా అక్క అడిగింది తర్వాత. ఊళ్లో నడిచాం. ఖల్లికోట రాజుల ప్యాలెస్ గోడ పక్క నుంచి వెళ్లాం. 18వ శతాబ్దం చివర్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే ఈస్టిండియా కంపెనీ దొర కట్టించిన భవనం అది, తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది, ఇప్పుడు హోటలు. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని 20వ శతాబ్దం మొదట్లో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్న చోట్లలో ఇదొకటి. ఆ కోరిక 1936 ఏప్రిల్ 1న తీరింది. ఆ రోజు దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోనిది. అంటే మద్రాసు నుంచి మొదలైన మన రాజధాని ఇక్కడ, ఈ చిలికా ఒడ్డున ముగిసేది. మా వీధిలో పాత తరంవాళ్లు ఇప్పటికీ "చెన్నపట్నం" అనటం, ఇళ్లలో తెలుగు, బజారులో ఒడియా నడవటం, ఇదంతా ఆ రోజుల తాలూకు మిగులే.

రాత్రి భోజనానికి చిలికా పీతల కూర. మసాలా తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. పొద్దున వండి నీళ్లు పోసి ఉంచిన పఖాళ కూడా అడిగి పెట్టించుకున్నాను. మన చద్దన్నమే, పేరు వేరు, పక్కన వేయించిన చిన్న చేపలు.

మర్నాడు నాలుగున్నరకు తలుపు తట్టారు. పడవ ఆయన కొడుకు. "నాన్న రమ్మన్నాడు. గాలి లేదు." ఒడ్డుకు వెళ్లేసరికి నీళ్లు అద్దంలా లేవు, నూనె పోసినట్టు ఉన్నాయి, బరువుగా, కదలకుండా. ఇంజను వేయలేదు. అడుగు బల్లపరుపుగా ఉండే చెక్క పడవ. లోతు తక్కువ చోట గడతో నెట్టాడు, లోతు వచ్చాక తెడ్డు తీశాడు. తెడ్డు నీళ్లలోంచి లేచినప్పుడు రాలే చుక్కల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి తూర్పున పాలూరు కొండ మీద వెలుగు పడింది.

ఆ కొండ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టోలెమీ మన తూర్పు తీరం గురించి రాస్తూ పాలూరా అనే పట్నం పేరు చెప్పాడు. బంగారు దేశానికి, అంటే బర్మా, మలయా వైపు వెళ్లే ఓడలు ఒడ్డు పట్టుకుని సాగటం మానేసి నేరుగా నడిసముద్రంలోకి తిరిగే చోటు దాని దగ్గరే అని రాశాడు. ఆ పాలూరా ఈ పాలూరే అని చరిత్రకారులు చాలామంది అంటారు. ఫ్రెంచి పండితుడు సిల్వాన్ లెవీ ఇంకో అడుగు ముందుకేసి, పల్లు అంటే దంతం కాబట్టి పల్లు ఊరు అంటే దంతపురమే, బౌద్ధ కథల్లో బుద్ధుడి దంతం దాచిన కళింగ నగరమే అన్నాడు. శ్రీకాకుళం వాళ్లు దీనికి ఒప్పుకోరు, సరుబుజ్జిలి దగ్గర దంతపురం వాళ్లకుంది. ఆ తగువు తీర్చటం నా పని కాదు. నాకు పట్టుకున్నది టోలెమీ చెప్పిన ఆ మలుపు. ఒడ్డును వదిలిపెట్టే చోటు! అంతవరకూ కుడిచేతి పక్కనో ఎడంచేతి పక్కనో నేల కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడి నుంచి కనిపించదు. అలాంటి చోట ఏ సరంగు అయినా ఏం చేస్తాడు? గాలి కుదిరేదాకా ఆగుతాడు. రోజులు, ఒక్కోసారి వారాలు. వండుకుంటాడు, తాడు పేనుకుంటాడు, తెరచాప కుట్టుకుంటాడు. ఊరు పుట్టేది ఆ ఆగటంలోనే.

అది ఒక్క పాలూరు సంగతే కాదు. చిలికా అవతలి కొసన, సముద్రపు మొగ దగ్గర మాణికపట్నంలో తవ్వితే చైనా పింగాణీ పెంకులు, సింహళ రాజు సాహసమల్లుడి రాగి నాణెం దొరికాయి. అంత దూరం నుంచి వచ్చిన ఓడ వచ్చిన పూటే తిరిగిపోదు.

ఒడియా వాళ్లు ఇది మరిచిపోలేదు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున చెరువు కనిపిస్తే చాలు, అరటి డొప్పతోనో రంగు కాగితంతోనో చేసిన చిన్న ఓడ (బొయిత) మీద దీపం, తమలపాకు, వక్క పెట్టి వదులుతారు. పూర్వం సాధబులు, అంటే ఓడ వర్తకులు, ఆ రోజునే జావా, బాలి, సింహళాలకు బయల్దేరేవారని చెబుతారు. ఆ రోజే ఎందుకు? కార్తీకం నాటికి నైరుతి గాలి తగ్గి ఈశాన్యం నుంచి గాలి పట్టుకుంటుంది, తెరచాపను దక్షిణానికి తోస్తుంది. తిరిగి రావాలంటే మళ్లీ నైరుతి రావాలి. నెలల తరబడి అక్కడ వాళ్లూ ఆగేవారు, ఇక్కడ ఇంట్లోవాళ్లూ ఆగేవారు. భాద్రపదం ఆదివారాల్లో ఒడియా ఆడపిల్లలు నూకలు నైవేద్యం పెట్టి చేసే ఖుదురుకుణి నోముకు కథ తఅపొయిది. ఏడుగురు అన్నలు ఓడల మీద వెళ్లిపోతే వదినల చేతిలో కష్టాలు పడిన చెల్లెలు. వాళ్ల ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే ఆ కథంతా.

మా ఇంట్లో పౌర్ణమికి బొయిత వదులుతాం, పదిహేను రోజులు తిరిగాక పోలి పాడ్యమికి అరటి డొప్పల్లో ముప్పై వత్తులు వెలిగించి మళ్లీ అదే చెరువులో వదులుతాం. మా అత్తగారు రెండింటికీ ఒకే అరటి బోదె వాడేవారు, మిగిలిన ముక్క దాచి. పోలి బొందితో స్వర్గానికి వెళ్లింది, సాధబు బాలికి వెళ్లాడు. డొప్ప మాత్రం ఒకటే. మన పోలి దీపం వెనక కూడా ఏ పాత ఓడ అయినా ఉందేమోనని నాకు ప్రతి ఏడూ అనిపిస్తుంది. రుజువు చూపించలేను, కానీ ఆ తెల్లవారుజామున నీళ్లలో చేయి పెట్టి డొప్పను నెట్టినప్పుడు చేతికి తెలుస్తుంది.

ఓడల వారసత్వం అంటే మనవాళ్లు గొప్ప వర్తకుల గురించే మాట్లాడతారు. నాకు దానితో పేచీ ఉంది. వర్తకుడు ఒక్కడు వెళ్తే, తెడ్డు వేసినవాళ్లు, చుక్కాని పట్టినవాళ్లు, నీళ్లు తోడిపోసినవాళ్లు ఎంతమంది! ఈ తీరంలో ఆ పని చేసినవాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా నోలియాలని పిలిచే జాలర్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే వాడబలిజలు. వాడ అంటే ఓడ. కులం పేరులోనే ఓడ ఉంది. పూరీలో స్నానానికి దిగే భక్తుల చేయి పట్టుకుని అల దాటించింది వీళ్లే. గోపాల్‌పూర్ రేవు నడిచిన రోజుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసేది. అక్కడి దాకా మనుషుల్ని, బస్తాల్ని చేర్చింది మసూలా పడవలు. మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకల్ని కుట్టిన పడవ అది. అల కొట్టినప్పుడు పగలకుండా వంగుతుంది. మేకు కొట్టిన పడవ అక్కడ నాలుగు రోజులు ఉండదు. ఇంత తెలివి ఏ రాజు కట్టించిన భవనంలో ఉంది?

మా అమ్మమ్మ తండ్రి ఆ పడవల్లో ఒకదానిలోనే వెళ్లి రంగూన్ స్టీమరు ఎక్కాడు. ఈ జిల్లా నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వేల మంది అలా బర్మా వెళ్లారు, మిల్లుల్లో, రేవుల్లో కూలికి. స్టీమరు వచ్చినా అలలు పెద్దవైతే పడవ వేయరు. ఆయన మూడు రోజులు గోపాల్‌పూర్ ఇసుకలో పడుకున్నాడట, ఒక గుడ్డ మూట తల కింద పెట్టుకుని. రెండోనాడు ఆయన తల్లి ఊరి నుంచి నడిచి వచ్చి, ఇంకా వెళ్లలేదని తెలిసి, అక్కడే కూర్చుని మురీ (మరమరాలు) తినిపించిందట. మా ఇంట్లో రంగూన్ గురించి చెప్పే కథలు తక్కువ. ఆ మూడు రోజుల కథే మిగిలింది. 1942లో జపాన్ వాళ్లు రంగూన్ పట్టుకున్నాక ఆ రాకపోకలు ఆగాయి, గోపాల్‌పూర్ పాత రేవు కూడా మూతపడింది. 1871లో పెట్టిన దీపస్తంభం మాత్రం ఉంది. ఎక్కి చూడవచ్చు.

ఈ ఆగటం ఇప్పటికీ నడుస్తోంది. బర్కుల్‌కు దగ్గరలోనే ఐఎన్ఎస్ చిల్కా ఉంది, 1980లో మొదలైన నేవీ శిక్షణ కేంద్రం. నేవీలో నావికుడిగా చేరే పిల్లలకు మొదటి శిక్షణ ఇక్కడే. 2023 మార్చిలో అగ్నివీర్ల తొలి బ్యాచ్ ఆడపిల్లలతో సహా బయటికి వచ్చింది ఇక్కడి నుంచే. పాసింగ్ అవుట్ పరేడ్ రోజుల్లో బాలుగావ్ స్టేషన్లో చూడాలి. సోంపేట, టెక్కలి, విజయనగరం వైపు నుంచి వచ్చిన అమ్మానాన్నలు సంచుల్లో అరిసెలు, చేగోడీలు పెట్టుకుని ముందురోజు నుంచే ఉంటారు. ఇది కూడా ఓడ రేవే. మ్యూజియం కట్టి చూపించక్కర్లేదు.

మ్యూజియాలు వద్దనటం లేదు. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి చూపిస్తున్నారు, పిల్లలు ఇష్టపడి వెళ్తారు. కటక్‌లో మహానది ఒడ్డున జోబ్రాలో పాత వర్క్‌షాపునే ఒడిశా వాళ్లు నౌకా మ్యూజియం చేశారు, బాగుంది. కానీ అద్దం వెనక ఉన్న తెడ్డుకు నీటి బరువు ఉండదు. ఆ ఉదయం రంభలో పడవ ఆయన మా అమ్మాయికి తెడ్డు ఇచ్చాడు. పదమూడేళ్ల పిల్ల, ఈత వచ్చు, సైకిలు వచ్చు, తనకు అన్నీ వచ్చనుకుంటుంది. పడవ గుండ్రంగా తిరిగింది. ఆయన ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుని తెడ్డు ఆకును కొంచెం వాల్చాడు. రెండోసారి నేరుగా పోయింది. అరగంట వేసింది. చేతుల్లో పొక్కులు. తిరిగి వచ్చాక నాతో, "అమ్మా, అలా తిరగకుండా పోవాలంటే ఎవరు కనిపెట్టి ఉంటారు?" అని అడిగింది. బర్కుల్లో ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ తెల్లవారి మేము చూసినవి: నీళ్ల మధ్య రాతి మీద నిలబడ్డ తెల్లటి స్తంభం, దాని మొదట్లో ఒక్క గది. దాన్నీ స్నాడ్‌గ్రాసే కట్టించాడంటారు, బీకన్ ఐలాండ్ అని పేరు. ఖల్లికోట రాజుల బంగళా మొండిగోడలున్న బ్రేక్‌ఫాస్ట్ దీవి. బరకుడా దీవి దగ్గర దిగలేదు, దూరం నుంచే చూశాం. 1917లో నెల్సన్ అన్నన్‌డేల్ అనే జంతుశాస్త్రవేత్త కాళ్లులేని ఒక కొత్త బల్లిజాతిని అక్కడి మట్టిలోనే కనిపెట్టాడు. దాని శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆ దీవి పేరే ఉంది, బరకుడియా. గరుడపక్షులు రెండు. లెక్కపెట్టలేనన్ని బాతులు, తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్నవి. ఎనిమిదింటికి ఒడ్డుకు వచ్చేశాం. తొమ్మిదింటికి గాలి.

డాల్ఫిన్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చిలికా అనగానే అందరూ అడిగేది అదే. ఇరవాడి డాల్ఫిన్లు ఎక్కువగా పూరీ జిల్లా ఒడ్డున సాతపడా వైపు కనిపిస్తాయి. ముక్కు మొద్దుగా ఉంటుంది, సినిమాల్లోలా ఎగరవు, వీపు ఒక్కసారి కనిపించి మునిగిపోతుంది. మూడేళ్ల క్రితం వెళ్లినప్పుడు మా పడవ నడిపే అతను, పాపం, "గంటలో చూపించకపోతే డబ్బులివ్వరు" అని టెన్షన్ పడుతూ, ఒక వీపు కనిపించగానే ఇంజను పెంచి దాని మీదికి తోలాడు. ఇంకో మూడు పడవలు మూడు పక్కల నుంచి వచ్చాయి. పిల్లలు కేకలు. ఆ జంతువు వినికిడి మీద బతుకుతుంది, ప్రొపెల్లరు తగిలితే చచ్చిపోతుంది. అతన్ని తప్పు పట్టలేను. గంట గడువు పెట్టింది నేను. ఒకచోట ఇంజను ఆపి, ముప్పావుగంట మాట్లాడకుండా కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయని తర్వాత తెలిసింది. మళ్లీ అదే మాట, ఆగటం.

"ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల కబుర్లు" అంటారు. మా తమ్ముడే అన్నాడు. ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి పన్నెండు సెలవులు, అందులో రెండు రంభలో గాలి కోసం కూర్చోవటానికా అని. ఈ మాట తీసిపారెయ్యలేను. కానీ అదే తమ్ముడు నాలుగు రోజులు గోవాకు వెళ్తే అందులో రెండు రోజులు ప్రయాణానికే పోయాయి. ఇచ్ఛాపురం నుంచి, పలాస నుంచి రంభకు పొద్దుటి ప్యాసింజరు చాలు. శనివారం వెళ్లి సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. రెండు రాత్రులు ఉంటే ఒకటి కాకపోతే ఒకటి తెల్లవారి గాలి ఉండదు. ఒక్క పూట పెట్టుకుంటే మాత్రం గాలితో జూదమే.

"అక్కడ ఏముంది చేయటానికి" అనేది రెండో మాట. ఉన్నవి చెబుతాను. నిర్మల్‌ఝర్ ఉంది, ఖల్లికోట కొండ కింద, రాతి కాలవల్లో పారే ఊట నీళ్లు. కొండ ఎక్కవచ్చు, ఫిబ్రవరి దాటితే ఎండ పట్టనివ్వదు. ఇంకాస్త దూరం పోతే మంగళాజోడి, ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు కాపలా కాస్తూ గడ పడవల్లో తీసుకెళ్లి చూపించే ఊరు. మన తేలినీలాపురం కొంగల్ని చూసి మురిసిపోయేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లాలి. ఋషికుల్యా నది మొగ దగ్గర ఏ ఏడు వస్తే ఆ ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టటానికి ఒడ్డెక్కుతాయి, అటవీ శాఖ వాళ్లు పంపినంత వరకే వెళ్లాలి, టార్చి వేయకూడదు. సాయంత్రాలు మాత్రం ఏమీ లేదు. దుకాణాలు ఎనిమిదికి కట్టేస్తారు. నాకు నచ్చింది అదే.

ఈ సరస్సు దానంతట అది మిగిలి లేదు. పాత మొగ పూడుకుపోయి, ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క కమ్మేసి, చేపలు పడిపోయి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో ఇసుక తిన్నెను తవ్వి కొత్త మొగ తెరిచారు. చేపలు తిరిగి వచ్చాయి, 2002లో ఆ జాబితాలోంచి తీసేశారు. రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా జాలర్లు చేసిన పోరాటం ఇంకో పెద్ద కథ. 1999 మే నెలలో సొరానా అనే ఊళ్లో కాల్పుల్లో నలుగురు చనిపోయారు. మనం ఫొటో దిగే నీళ్ల మీద ఇంత జరిగింది. ఒక పూట చూసి వచ్చేవాళ్లు పడవకు, పార్కింగుకు, చిప్స్ ప్యాకెట్టుకు డబ్బిస్తారు. ప్యాకెట్టు అక్కడే ఉండిపోతుంది. రెండు రాత్రులు ఉన్నవాళ్లు చేపల ఆవిడ దగ్గర కొంటారు, గది ఇచ్చినవాళ్లతో మాట్లాడతారు, తెడ్డు పడవ ఆయనకు తెల్లవారి కూలి ఇస్తారు. ఇంజను వేయకుండా బతికే దారి ఆయనకు ఉంటేనే ఆ పడవ ఉంటుంది. లేకపోతే మరో పదేళ్లకు రంభలో గడ పట్టటం తెలిసిన కుర్రాడు దొరకడు. ఆయన కొడుకు ఇప్పటికే సూరత్ వెళ్లే మాట మాట్లాడుతున్నాడు. గంజాం కుర్రాళ్లందరికీ ఉన్న దారే అది.

రంభను పెద్ద ఊరు చేయమని నేను అడగను. ఆడవాళ్లకు ఒడ్డున ఒక శుభ్రమైన బాత్రూము, ప్రతి పడవలో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, తెడ్డు పడవలకు బోర్డు మీద రాసిన రేటు, ఒక పాత చెక్క పడవను రేకుల షెడ్డు కింద పెట్టి దాని భాగాల పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించటం. నాలుగే. దానికి పంచాయతీ చాలు.

మొన్న ఆడపడుచు ఫోన్ చేసింది. మా అమ్మాయి పంపిన ఫొటోలు చూసిందట, పొక్కుల చేతుల ఫొటో కూడా. డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టుకుంటామంది. "పడవ ఎన్నింటికి బుక్ చెయ్యమంటావు వదినా?" అని అడిగింది. పడవకు టైము నేను చెప్పలేనని, ముందు గది తీసుకోమని చెప్పాను. పిల్లాడికి స్వెట్టరు పెట్టుకోమన్నాను. తెల్లవారి నీళ్ల మీద చలి ఎక్కువ.